యాంప్లిఫైయర్ వేడి: ఎంతవరకు మామూలు, ఎక్కడ జాగ్రత్త పడాలి, ఏం చేయాలి

పాటలు పెట్టిన గంటకి యాంప్లిఫైయర్ మీద చేయి వేస్తే చురుక్కుమంటుంది. ఇది మామూలు వేడేనా, లోపల ఏదైనా పాడవుతోందా అని టెన్షన్ మొదలవుతుంది. చేత్తో తాకి ఈ సంగతి తేల్చలేం. ఒక యాంప్‌కి 60 డిగ్రీలు రోజూ ఉండే వేడే. ఇంకో యాంప్‌కి అదే 60 వచ్చిందంటే ఏదో తేడా చేసినట్టు. తేల్చి చెప్పే అంకె ఒకటుంది: గది ఉష్ణోగ్రత కంటే మీ యాంప్ ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంది అన్నది. దీన్ని ఇక్కడ పెరుగుదల అని పిలుద్దాం. ముందు దాన్ని కొలిచి రాసిపెట్టుకోండి. ఫ్యాన్ కొనాలా, కబోర్డు మార్చాలా, మెకానిక్‌కి చూపించాలా అన్నవన్నీ ఆ తర్వాతే.

1. మీది ఏ రకం యాంపో చూసుకోండి

మాన్యువల్లోనో, వెనక ప్యానెల్ మీదో, కంపెనీ స్పెసిఫికేషన్లలోనో ఇది దొరుకుతుంది. క్లాస్ అంటే సర్క్యూట్ పనిచేసే తీరు. ఇళ్లలో ఉండే స్టీరియో యాంప్‌లు, ఏవీ రిసీవర్లు (టీవీ, సినిమాల సౌండ్‌కి ఎక్కువ స్పీకర్లు నడిపేవి) చాలావరకు క్లాస్ ఏబీ. చిన్న పెట్టెల్లో వచ్చే కొత్త యాంప్‌లు, సబ్ వూఫర్‌లలో ఉండేవి ఎక్కువగా క్లాస్ డి. క్లాస్ ఏ యాంప్‌లు, వాల్వ్ (గాజు ట్యూబులతో నడిచే) యాంప్‌లు తక్కువ మంది దగ్గర ఉంటాయి.

క్లాస్ ఏ యాంప్ పాట ఉన్నా లేకపోయినా దాదాపు ఒకే కరెంటు లాగుతుంది. లాగిన దాంట్లో చాలా భాగం వేడిగానే పోతుంది. దాని హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రెక్కలున్న లోహపు దిమ్మ) 55, 60 డిగ్రీల దగ్గర ఉండటం డిజైన్‌లో అనుకున్నదే. క్లాస్ డి లెక్కే వేరు, గట్టి సౌండ్ మీద ఉన్నప్పుడు 85, 90 శాతం పవర్ స్పీకర్‌కి చేరుతుంది. పెట్టె గోరువెచ్చగా ఉంటే చాలు. అలాంటిది చేయి పెట్టలేనంత కాలిందంటే వెంటనే పట్టించుకోవాలి.

క్లాస్ ఏబీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని తీరు మనం అనుకునే దానికి ఎదురుగా ఉంటుంది. సౌండ్ పెంచే కొద్దీ వేడి అలా పెరుగుతూనే పోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే, స్థిరమైన టోన్ ఇచ్చినప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో (స్పీకర్‌కి పవర్ అందించేవి) వేడి గరిష్ఠంగా ఉండేది పూర్తి పవర్‌లో సుమారు 40 శాతం దగ్గర. 100 వాట్ల ఛానల్ 40 వాట్లు ఇస్తున్నప్పుడు ట్రాన్సిస్టర్లు ఇంకో 40 వాట్లు వేడిగా వదులుతాయి. అదే పూర్తి 100 వాట్లు ఇస్తున్నప్పుడు వదిలేది 27 వాట్ల చుట్టూ. ఇది ఆదర్శ లెక్క, అసలు సర్క్యూట్‌లో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అంటే పార్టీ సౌండ్‌కి కొంచెం కింద గంటల తరబడి నడిపే వాడకమే యాంప్‌కి గట్టి పరీక్ష.

మామూలుగా ఇంట్లో పాటలు వినే సౌండ్‌లో సగటున స్పీకర్‌కి వెళ్లేది ఒక వాట్ అటూ ఇటూ. యాంప్ గోడ ప్లగ్ నుంచి లాగేది 40, 50 వాట్లు ఉండొచ్చు. మిగిలిందంతా పెట్టెలోనే వేడిగా మారుతుంది. అందుకే సౌండ్ కాస్త తగ్గిస్తే చల్లబడుతుందిలే అనుకుంటే పెద్ద తేడా కనిపించదు. వినడం అయిపోయాక స్విచ్ ఆఫ్ చేస్తే మాత్రం కనిపిస్తుంది.

2. సరిగ్గా కొలవండి

పిస్తోలులా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. అయితే దీన్ని నేరుగా మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం తన వేడిని పరారుణ కిరణాలుగా సరిగ్గా వదలదు, పైగా ఎదురుగా ఉన్న గోడ వేడిని, మీ ఒంటి వేడిని ప్రతిఫలిస్తుంది. 58 డిగ్రీలున్న రెక్క మీద మీటర్ 40 లోపు చూపించినా ఆశ్చర్యం లేదు. ఆ అంకె చూసి అంతా బాగుందని వదిలేస్తేనే ప్రమాదం.

దీనికి మందు నల్ల ఇన్సులేషన్ టేపు. యాంప్ ఆఫ్ చేసి, చల్లారాక, బయటికి కనిపించే హీట్ సింక్ మీద గోరంత ముక్క అతికించండి. గాలి బుడగలు లేకుండా నొక్కండి. పై మూతలో జల్లెడ ఉన్న చోట, దాని పక్కన రేకు మీద ఇంకో ముక్క. ఎప్పుడు కొలిచినా ఆ ముక్కల మీదే, దగ్గర నుంచే కొలవండి. దూరం నుంచి కొలిస్తే మీటర్ చుట్టుపక్కల వేడిని కూడా కలిపేసి సగటు చెబుతుంది. వైరు కొసన ప్రోబ్ ఉండే థర్మోకపుల్ మీటర్ మీ దగ్గర ఉంటే ఈ బాధ లేదు, దాన్నే టేపుతో అంటించండి.

ఇప్పుడు రెండు కొలతలు తీయాలి. మొదటిది ఖాళీ కొలత. వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఏ పాటా లేకుండా ఒక గంట ఆన్‌లో ఉంచి కొలవండి. రెండోది వాడకం కొలత. మీరు రోజూ వినే సౌండ్‌లో గంటన్నర నడిపి కొలవండి. రెండుసార్లూ గది ఉష్ణోగ్రత కూడా రాయాలి. యాంప్‌కి ఒక మీటరు దూరంలో, దాని వేడి తగలని చోట తీసుకోండి.

గది 28, హీట్ సింక్ 50 అయితే పెరుగుదల 22. ఎండాకాలంలో గది 38 అయ్యి హీట్ సింక్ 60 చూపిస్తే పెరుగుదల అదే 22. యాంప్‌లో ఏ మార్పూ లేదు, గదే వేడెక్కింది. కానీ గది 28 దగ్గరే ఉండి, అదే పాట, అదే సౌండ్‌కి హీట్ సింక్ 60 అయితే పెరుగుదల 32 అయింది. గాలి దారి మూసుకుపోవడమో, దుమ్మో, బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లని కాస్త ఆన్‌లో ఉంచే లోపలి సెట్టింగు) కదలడమో, ఏదో ఒకటి మారింది. నెలకోసారి కొలిచి ఒక కాగితం మీద రాసి యాంప్ కింద పెట్టుకుంటే చాలు. ఆ కాగితం రేపు మెకానిక్‌కి కూడా బాగా పనికొస్తుంది.

క్లాస్ ఏబీకి నేను పాటించే హద్దులు ఇవి. హీట్ సింక్ 50 లోపు ఉంటే నిశ్చింత. 50 నుంచి 60 అంటే వాడకంలో మామూలే. 65 దాటితే కారణం వెతకాలి. 70 దాటితే ఆపేసి వెతకాలి. మీటర్ లేకపోతే ఒక అందాజు: బయటి హీట్ సింక్ మీద చేయి పెట్టి ఐదు సెకన్లు ఉంచలేకపోతే అది 55, 60 దాటిందనుకోవచ్చు. వాల్వ్ యాంప్ మీద మాత్రం ఈ పని ఎప్పుడూ చేయకండి.

3. ఎందుకింత పట్టింపు

ట్రాన్సిస్టర్లు గట్టివే. వాటి లోపలి సిలికాన్ 150 డిగ్రీల వరకు తట్టుకునేలా చేస్తారు. ముందు పోయేవి పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (ఛార్జ్ నిల్వ చేసే డబ్బాల్లాంటి భాగాలు). వాటి లోపల ఉండే ద్రవం వేడికి మెల్లగా ఆవిరవుతుంది. ఇంజినీర్లు వాడే లెక్క ఏమిటంటే ప్రతి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రేటింగ్ ఉన్న కెపాసిటర్ 65 దగ్గర పనిచేస్తే 8000 గంటలు, 55 దగ్గర అయితే 16000 గంటలు. రోజుకి నాలుగు గంటల చొప్పున చూస్తే ఐదున్నరేళ్లకీ పదకొండేళ్లకీ ఉన్న తేడా అది. ఆ పది డిగ్రీలు తగ్గించడానికి చాలా ఇళ్లలో పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు, యాంప్ పెట్టిన చోటు మారిస్తే చాలు.

4. గాలి దారి చూడండి

నా అనుభవంలో వేడి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతుంది. వేడి గాలి పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. ఈ రెండు దారుల్లో ఏది మూసినా రెండోది కూడా పనిచేయదు.

యాంప్ మీద ఏదీ పెట్టకండి. సెట్ టాప్ బాక్స్, డీవీడీ ప్లేయర్, అల్లిక గుడ్డ, ఫోను ఏదైనా సరే. ఏవైనా ఒకదాని మీద ఒకటి పెట్టక తప్పకపోతే యాంప్ అన్నింటికంటే పైన ఉండాలి. పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి, ఏవీ రిసీవర్‌కి 15 ఉంటే ఇంకా మంచిది. పక్కల 5, వెనక 10. మీ మాన్యువల్ ఇంతకంటే ఎక్కువ చెబితే అదే పాటించండి. కింద రబ్బరు కాళ్లు అరిగిపోయి పెట్టె నేలకి ఆనుకుందేమో చూడండి, అడుగున ఉన్న రంధ్రాలు ఊరికే పెట్టినవి కావు. అదే కారణానికి మెత్తని తివాచీ మీద కూడా పెట్టొద్దు.

హీట్ సింక్ రెక్కలు నిలువుగా ఉంటేనే వాటి మధ్య గాలి పైకి జారుతుంది. చోటు చాలక యాంప్‌ని పక్కకి తిప్పి నిలబెడితే ఆ రెక్కలు అడ్డంగా పడతాయి, గాలి వాటి మధ్యే చిక్కుకుంటుంది.

తలుపులున్న టీవీ కబోర్డులో పెట్టారా? అయితే ఈ పరీక్ష చేయండి. తలుపులు మూసి గంటన్నర నడిపి హీట్ సింక్ కొలవండి. కబోర్డు లోపల గాలి ఉష్ణోగ్రత కూడా తీయండి, ఒక మామూలు గది థర్మామీటర్ లోపల పెడితే సరిపోతుంది. తర్వాత తలుపులు తెరిచి, ఇంకో గంట అదే సౌండ్‌లో నడిపి మళ్లీ కొలవండి. 5 డిగ్రీలకి మించి తగ్గితే తప్పు యాంప్‌ది కాదు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, యాంప్ లెక్కలో ఇప్పుడు గది అంటే కబోర్డు లోపలే. బయట 28 ఉన్నా లోపల 41 ఉంటే, దాని మీద 22 కలిసి హీట్ సింక్ 63కి చేరుతుంది. చాలా యాంప్‌లని పరిసరాలు 35, 40 డిగ్రీలు దాటకుండా వాడమని తయారీదారులే చెబుతారు. కబోర్డు లోపల ఆ హద్దు మనకి తెలియకుండానే దాటిపోతుంది.

పరిష్కారం వెనక చెక్కలో రెండు కోతలు. ఒకటి బాగా కింద, ఇంకోటి బాగా పైన, రెండూ ఇంచుమించు ఒకే సైజు. పైన మాత్రమే కోస్తే లోపలికి వచ్చే గాలికి దారి లేక సగం ఫలితమే వస్తుంది. కబోర్డుని గోడకి ఆనించకుండా నాలుగు వేళ్లు జరపండి.

5. అప్పుడూ చాలకపోతే ఫ్యాన్

కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి తీసుకోండి. దాన్ని 12 వోల్టుల మీద నడిపితే చప్పుడు పాట మధ్యలో వినిపిస్తుంది. 7 వోల్టుల దగ్గర నడిపితే చాలా ఫ్యాన్లు దాదాపు వినిపించవు. గాలి కొంత తగ్గినా ఏమీ గాలి ఆడని దానికంటే ఎన్నో రెట్లు నయం. చిన్న ఫ్యాన్ వేగంగా తిప్పడం కంటే పెద్ద ఫ్యాన్ మెల్లగా తిప్పడమే మేలు.

గాలి దిశ ముఖ్యం. వేడి గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి ఫ్యాన్ దానికి తోడు ఉండాలి. పైన జల్లెడ మీద పెడితే పైకి లాగేలా, కబోర్డులో అయితే పై కోత దగ్గర బయటికి తోసేలా బిగించండి. ఫ్యాన్ ఫ్రేము మీద సాధారణంగా బాణం గుర్తు ఉంటుంది, లేకపోతే సన్నని కాగితం ముక్క దగ్గర పెట్టి చూస్తే తెలుస్తుంది. యాంప్‌లోనే సొంత ఫ్యాన్ ఉంటే అది ఎటు తోస్తుందో చూసి అటే పెట్టాలి. ఫ్యాన్ కింద రబ్బరు ముక్కలు వేయండి, లేకపోతే దాని వణుకు మూత రేకులోకి పాకుతుంది. కరెంటు విడిగా చిన్న అడాప్టర్ నుంచి ఇవ్వడం మంచిది.

రోజంతా తిరగక్కర్లేదనుకుంటే 45 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే చిన్న థర్మల్ స్విచ్ ఫ్యాన్ వైరులో వేసుకోవచ్చు. ఫ్యాన్ పెట్టాక మళ్లీ కొలిచి కాగితం మీద రాయడం మరవకండి.

6. సెట్టింగులు, స్పీకర్లు

8 ఓమ్‌ల స్పీకర్ బదులు 4 ఓమ్‌లది పెడితే అదే వాల్యూమ్‌లో కరెంటు రెట్టింపు, దాంతో యాంప్‌లో వేడీ దాదాపు రెట్టింపు. ఒకే టెర్మినల్‌కి రెండు జతల 8 ఓమ్‌ల స్పీకర్లు సమాంతరంగా కలిపినా యాంప్‌కి కనిపించేది 4 ఓమ్‌లే. వెనక ప్యానెల్ మీద ఎంతవరకు అనుమతి ఉందో రాసి ఉంటుంది, దాని కిందికి పోవద్దు.

ఏవీ రిసీవర్‌లో సబ్ వూఫర్ ఉంటే మిగతా స్పీకర్లని స్మాల్ అని పెట్టి క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. బాగా కరెంటు తినే లోతైన బేస్ సబ్ వూఫర్ సొంత యాంప్ మీదికి పోతుంది, రిసీవర్‌కి బరువు తగ్గుతుంది. ఎకో మోడ్ ఉంటే మామూలు వినికిడికి ఆన్ చేయండి. నెట్‌వర్క్ స్టాండ్‌బై, హెచ్‌డీఎంఐ పాస్ త్రూ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేశామనుకున్న పెట్టె కూడా వెచ్చగానే ఉంటుంది. అవసరం లేకపోతే ఆపేయండి.

7. దుమ్ము

ముందు ప్లగ్ తీయండి. స్విచ్ ఆఫ్ చేసినంత మాత్రాన చాలదు. కాసేపు ఆగి, బయటి రెక్కలు, పై జల్లెడ మెత్తని బ్రష్‌తో దులిపి, వాక్యూమ్ గొట్టాన్ని కాస్త దూరంగా పట్టుకుని లాగేయండి. లోపల ఫ్యాన్ ఉంటే దాని రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి శుభ్రం చేయండి. మూత తీయడం అలవాటు లేకపోతే తీయకండి. పెద్ద కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా ఛార్జ్ పట్టుకుని ఉంటాయి. వాల్వ్ యాంప్‌లో అయితే 400 వోల్టులు, ఆ పైన కూడా నిలిచి ఉండొచ్చు. అది ప్రాణం తీసే వోల్టేజి.

8. లోపలి తేడా ఎలా పట్టాలి

ఖాళీ కొలత ఇప్పుడు పనికొస్తుంది. గాలి దారి బాగానే ఉన్నా, పాటే లేకుండా క్లాస్ ఏబీ యాంప్ పెరుగుదల ఒక్కసారిగా ఎక్కువైతే స్పీకర్లకి, వాల్యూమ్‌కి సంబంధం లేదు. బయాస్ పెరిగి ఉండాలి, లేదా సర్క్యూట్ మన చెవికి అందని ఫ్రీక్వెన్సీలో డోలనం చేస్తుండాలి. ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్ ఉంటే అనుమానం ఇంకా త్వరగా తీరుతుంది. క్లాస్ ఏబీ స్టీరియో యాంప్‌లు ఖాళీగా ఉన్నప్పుడు సాధారణంగా 20 నుంచి 60 వాట్లు లాగుతాయి. మీది మొదట 35 చూపించి ఇప్పుడు 70 చూపిస్తే ఇక ఆగకండి.

రెండు ఛానళ్ల హీట్ సింక్‌లు విడిగా ఉంటే రెండింటినీ పోల్చండి. ఒకే పాట మోనోలో పెట్టి, ఒకే రకం స్పీకర్లతో నడిపినా ఒకవైపు 10 డిగ్రీలు ఎక్కువుంటే ఆ ఛానల్‌ని చూపించాలి.

బయాస్‌కి ఇంత జాగ్రత్త ఎందుకంటే ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ దాన్ని ఆన్ చేయడానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే అదే బయాస్‌కి ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది, ఇంకా లాగుతుంది. దీన్ని ఆపడానికే హీట్ సింక్‌కి అంటిపెట్టి ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది వేడి చూసి బయాస్ తగ్గిస్తుంది. రిపేరు చేసినప్పుడు దాని స్క్రూ వదులుగా వదిలేసినా, పేస్ట్ ఎండిపోయినా ఈ కాపలా పోతుంది.

బోర్డు మీద పని చేసిన అలవాటు ఉంటే, సర్వీస్ మాన్యువల్ చేతిలో ఉంటే మీరే చూసుకోవచ్చు. అరగంట వేడెక్కనిచ్చి, వాల్యూమ్ సున్నాలో, రెండు ఎమిటర్ రెసిస్టర్ల చివరల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెసిస్టర్లు 0.22 ఓమ్‌ల చొప్పున ఉండి, మాన్యువల్ 30 మిల్లీయాంప్‌లు చెబితే మీటర్ మీద 13 మిల్లీవోల్టులు కనిపించాలి. ప్రీసెట్ (బయాస్ సర్దే చిన్న స్క్రూ) తిప్పేటప్పుడు వెంట్రుకవాసి కదిపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ చూడండి. మీటర్ కొస జారి పక్క పిన్‌కి తగిలితే అవుట్‌పుట్ జత అక్కడికక్కడే పోతుంది, కాబట్టి క్లిప్ ఉన్న ప్రోబ్‌లే వాడాలి.

ట్రాన్సిస్టర్ మార్చినప్పుడు హీట్ సింక్ పేస్ట్ పల్చగా, మైకా షీటుకి (కరెంటుని ఆపి వేడిని దాటనిచ్చే పల్చని పొర) రెండువైపులా రాయండి. దట్టంగా పులిమితే వేడి దాటడం కష్టమవుతుంది. స్క్రూలు బిగించాక, కరెంటు ఇచ్చేముందు, ట్రాన్సిస్టర్ లోహపు భాగానికీ హీట్ సింక్‌కీ మధ్య షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూడండి.

వాల్వ్ యాంప్‌లో గాజు 200 డిగ్రీలు దాటినా వింత లేదు, కాబట్టి కొలవాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ని, చాసిస్‌ని. గది దీపాలు ఆర్పి వాల్వ్‌ల లోపల చూడండి. మధ్యలో నారింజ రంగులో వెలిగేది హీటర్, అది మామూలే. దాని చుట్టూ ఉన్న బూడిద రంగు ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయండి.

9. దానంతట అదే ఆగిపోతుంటే

ఎప్పుడు ఆగుతోందో గమనించండి. గంట, గంటన్నర నడిచి ఆగి, చల్లారాక మళ్లీ పనిచేస్తే అది వేడి రక్షణ. పైన చెప్పిన గాలి దారి, ఫ్యాన్ దానికి మందు. సౌండ్ పెంచగానే టక్కున ఆగితే అది కరెంటు రక్షణ అయ్యే అవకాశం ఎక్కువ. ప్లగ్ తీసి స్పీకర్ టెర్మినళ్లు చూడండి. వైరు నుంచి ఒక్క పోగు బయటికొచ్చి పక్క టెర్మినల్‌ని తాకుతూ ఉండటం మామూలుగా కనిపించే కారణం. ఆన్ చేసిన వెంటనే, చల్లగా ఉన్నప్పుడే ఆగుతుంటే, స్పీకర్ వైర్లన్నీ తీసేసి ఒకసారి ఆన్ చేయండి. ఇది ట్రాన్సిస్టర్ యాంప్‌లకే. వాల్వ్ యాంప్‌ని స్పీకర్ లేకుండా ఆన్ చేయకూడదు. అప్పుడూ ఆగితే లోపం లోపలే ఉంది. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తే ఒక ట్రాన్సిస్టర్‌తో పోయేది నాలుగైదు భాగాల దాకా పాకుతుంది.

కాలిన వాసన, పొగ, కెపాసిటర్ తల ఉబ్బడం, ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా గుయ్‌మనడం, ఇవి కనిపిస్తే కొలతలు పక్కన పెట్టి గోడ దగ్గరే స్విచ్ ఆపి ప్లగ్ లాగేయండి. తర్వాత మెకానిక్ దగ్గరికి యాంప్‌తో పాటు మీ కొలతల కాగితం కూడా తీసుకెళ్లండి. ఏ నెల నుంచి పెరుగుదల మొదలైందో, ఏ ఛానల్‌లోనో అందులో ఉంటుంది కాబట్టి ఆయన వెతుకులాట సగం తగ్గుతుంది.